పెళ్లిళ్ల కెమెరాని సముద్రంలోకి దింపాలా?

ప్రశ్న

గుంటూరు నుంచి ఒక ఫోటోగ్రాఫర్ పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు. ఊళ్లో గుర్తుపట్టే వివరాలు కొన్ని నేనే తీసేశాను.

ఆయన వయసు 38. తమ్ముడితో కలిసి స్టూడియో నడుపుతున్నారు. ఫోటోలు ఈయనవి, వీడియో, డ్రోన్ తమ్ముడివి. పోయిన ఫిబ్రవరిలో ఒక పెళ్లి వాయిదా పడి వారం ఖాళీ దొరికితే స్నేహితులతో అండమాన్ వెళ్లారు. హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, స్కూబా ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశారు. కోర్సులో నాలుగు డైవ్‌లు, ఆ తర్వాత సరదాకి మరో మూడు. అప్పటి నుంచి పని మీద మనసు నిలవడం లేదట. "పద్నాలుగేళ్లుగా తలంబ్రాలు, అప్పగింతలు తీస్తున్నాను. ఆ ఎనిమోన్‌లో దాక్కున్న చేపని చూశాక ఇంకేదీ తీయబుద్ధి కావట్లేదు" అని రాశారు. (ఎనిమోన్ అంటే సముద్రపు అడుగున పువ్వులా విచ్చుకునే జీవి.)

అమెరికాలో ఉండే బావమరిది డిసెంబరులో సెలవులకి వస్తున్నాడు. "మోడల్ నంబర్ పంపు బావా, తెచ్చేస్తా" అంటున్నాడు. డబ్బు మాట ఎత్తితే "తర్వాత చూద్దాంలే" అని దాటేస్తున్నాడు. చిట్టీ పాడిన 4 లక్షలు ఈయన చేతిలో ఉన్నాయి. తన దగ్గరున్న లెన్సుల జాబితా కూడా రాశారు. స్టూడియోలో ప్రధాన కెమెరా సోనీ ఏ7 ఫోర్. దానికి అల్యూమినియం హౌసింగ్, అంటే కెమెరాని నీళ్లు చొరకుండా మూసిపెట్టే పెట్టె, కొనాలంటే అదొక్కటే 3 లక్షలు దాటుతోంది. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌ది 65 వేలకి వస్తోంది. ఇవి కాకపోతే గోప్రో, లేదా టీజీ-7 లాంటి చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరా.

తమ్ముడి లెక్క వేరు. గుంటూరులో అండర్‌వాటర్ ప్రీ-వెడ్డింగ్ షూట్ చేసేవాళ్లు తనకి తెలిసి ఎవరూ లేరు కాబట్టి, షూట్‌కి 60 వేల చొప్పున ఆరు షూట్లు చేస్తే పెట్టుబడి తిరిగొచ్చేస్తుందని అతని ధీమా. భార్య కాదనలేదు. "అది ఏడాదికి ఎన్నిసార్లు నీళ్లలో పెడతావు?" అని మాత్రం అడిగింది. వచ్చే జూన్‌లో పాపని ఇంటర్లో చేర్చాలి. "ఆమె అలా అడిగినప్పటి నుంచి నాకు టెన్షన్ ఎక్కువైంది. కొంటే ఇంట్లో తప్పు చేసినట్టు, కొనకపోతే జీవితమంతా వెలితి. ఏది కొనమంటారో చెప్పండి" అని ముగించారు.

సమాధానం

మీరు అడిగింది ఏ హౌసింగ్ కొనాలని. అయితే ఉత్తరం చదివితే, మీరూ మీ తమ్ముడూ రెండు వేర్వేరు వస్తువులు కొనాలని చూస్తున్నట్టు కనిపిస్తోంది. రెంటికీ అండర్‌వాటర్ సెటప్ అని ఒకే పేరు పెట్టుకున్నారు గనక ఇద్దరిదీ ఒకే మాట అనుకుంటున్నారు.

మీరు తలుచుకున్న ఫోటోలు ఏవో మళ్లీ చూసుకోండి. ఎనిమోన్‌లో చేప, గోరంత రంగుల నత్త, ఇసుకలోంచి కళ్లు మాత్రం బయటపెట్టిన ఏదో జీవి. అన్నీ చిన్నవే. వాటికి మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గరగా తీసేది), దాని ముందు చదునైన పోర్టు (హౌసింగ్‌కి ముందుండే గాజు కిటికీ), పక్కన స్ట్రోబ్ (నీళ్లలో వాడే ఫ్లాష్) కావాలి. మీ తమ్ముడికి కావాల్సింది స్విమ్మింగ్ పూల్‌లో ఇద్దరు మనుషులు, వాళ్ల చుట్టూ తేలే బట్టలతో సహా. దానికి వైడ్ లెన్స్, దాని ముందు అర్ధగోళంలా ఉండే డోమ్ పోర్టు కావాలి. ఒకే హౌసింగ్‌కి రెండు పోర్టులూ మార్చి మార్చి బిగించుకోవచ్చు, నిజమే. కానీ ప్రతి పోర్టుకీ వేరే ధర, ప్రతి లెన్స్‌కీ దానికి సరిపడే ఎక్స్‌టెన్షన్ రింగు. ఆ 3 లక్షల్లో ఇవేవీ లేవు.

పోర్టుల దగ్గర కాసేపు ఆగుతాను. మీలాంటి అనుభవం ఉన్న ఫోటోగ్రాఫర్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. నీటి వక్రీభవన గుణకం దాదాపు 1.33. చదునైన గాజు వెనక నుంచి నీళ్లలోకి చూస్తే అన్నీ మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. చిన్న జీవుల్ని తీసేవాడికి అది కలిసొచ్చేదే. వైడ్ లెన్స్‌కి మాత్రం కోణం కుంచించుకుపోతుంది, అంచుల్లో రంగులు చీలతాయి. డోమ్ ఆ కోణాన్ని కాపాడుతుంది. అయితే డోమ్‌తో ఇంకో చిక్కు ఉంది. ఎంత దూరంలో ఉన్న వస్తువునైనా అది తన ముందే, తన వ్యాసార్ధానికి మూడు రెట్ల దూరంలో ఉన్నట్టు లెన్స్‌కి చూపిస్తుంది. 8 అంగుళాల డోమ్ అయితే అది సుమారు ఒక అడుగు. అంటే ఎదురుగా పెద్ద పగడపు దిబ్బ ఉన్నా మీ లెన్స్ మాత్రం అడుగు దూరంలో ఫోకస్ పట్టగలగాలి. పైగా ఆ ప్రతిబింబం వంపుగా ఉంటుంది, కాబట్టి మూలలు పదునుగా రావాలంటే అపర్చర్‌ని, అంటే లెన్స్ లోపలి రంధ్రాన్ని, ఎఫ్/8 దాకానో ఎఫ్/11 దాకానో తగ్గించక తప్పదు.

ఫలితం ఏమిటంటే, మీరు లక్షన్నర దాకా పెట్టి కొన్న 24-70 ఎఫ్/2.8 గొప్పతనం నీళ్లలో పెద్దగా అక్కరకు రాదు. దాని బదులు సోనీ 28-60 అనే చిన్న కిట్ లెన్స్‌కి చదునైన పోర్టు పెట్టి, దాని ముందు నాటికమ్ కంపెనీ వాళ్ల డబ్ల్యూడబ్ల్యూఎల్-1 అనే వెట్ లెన్స్ (పోర్టు బయట, నీళ్లలోనే ఉండే లెన్స్) బిగిస్తే 130 డిగ్రీల వెడల్పు వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు వాడే చాలామంది డైవర్లు ఇప్పుడు చేస్తున్నది ఇదే. పెళ్లి మండపంలో మనం చెయ్యి కూడా పెట్టని లెన్స్ అది. మీ దగ్గరున్న లెన్సుల జాబితా చూసి "హౌసింగ్ ఒక్కటి కొంటే చాలు" అనుకున్నారు. ఆ జాబితాలో సముద్రానికి నేరుగా పనికొచ్చేది 90 మాక్రో ఒక్కటే.

ఇక వెలుగు. నీళ్లు ముందు ఎరుపుని మింగేస్తాయి. ఐదారు మీటర్ల లోతుకే చాలావరకు పోతుంది, ఆ తర్వాత నారింజ, పసుపు. ఈ లెక్క లోతుతోనే ఆగదు. వెలుగు పైనుంచి చేప దాకా, చేప నుంచి మీ లెన్స్ దాకా ప్రయాణించిన దూరమంతా కలుస్తుంది. కంటికి అలవాటైపోయి తెలియదు గానీ, ఇంటికొచ్చి తెరిస్తే అన్నీ నీలి ఆకుపచ్చగా ఉంటాయి. రా ఫైలుగా (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) తీసి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోవడం తక్కువ లోతులో కొంతవరకు పనిచేస్తుంది. 15 మీటర్ల దగ్గర లేని ఎరుపుని సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెస్తుంది? స్ట్రోబ్ కావాల్సిందే. అదీ మీటరు లోపల, చేతికందేంత దగ్గరగా ఉన్న వాటికే. ఏ7 ఫోర్‌కి సొంత ఫ్లాష్ లేదు కాబట్టి హౌసింగ్ లోపల ఎల్‌ఈడీ ట్రిగ్గర్, అక్కడి నుంచి ఫైబర్ ఆప్టిక్ కేబుల్, స్ట్రోబ్ పట్టుకునే ఆర్మ్‌లు, క్లాంపులు, బరువు సరిచేసే ఫ్లోట్లు. ఇవన్నీ కలిస్తే హౌసింగ్‌కి పెట్టినంత మళ్లీ పెట్టాలి. మీ 4 లక్షల్లో సగం సెటప్ మాత్రమే వస్తుంది. ఆ సగంతో వచ్చే ఫోటోలు టీజీకి స్ట్రోబ్ కట్టి తీసిన వాటికంటే బాగుంటాయని నేను మాటివ్వలేను.

ఇప్పుడు మీ ఇంటావిడ ప్రశ్నకి వద్దాం. ఆరోపణలా వినిపించి మీకు టెన్షన్ తెచ్చింది గానీ, నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే వాక్యం అదే. ఎన్నిసార్లు? లెక్క వేద్దాం.

అండమాన్‌లో డైవింగ్‌కి మంచి కాలం సుమారు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మన పెళ్లిళ్లూ అప్పుడే. కార్తీకం, మార్గశిరం, మళ్లీ మాఘం, ఫాల్గుణం, వైశాఖం. ఆషాఢంలో మీకు ఖాళీ దొరుకుతుంది గానీ అప్పుడు అక్కడ నైరుతి రుతుపవనాలు, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. రెండూ కుదిరేది ధనుర్మాసం ఒక్కటే. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ముహూర్తాలుండవు, అక్కడ నీళ్లూ దిగడానికి వీలుగా ఉంటాయి. అందులోనూ కొత్త సంవత్సరపు రద్దీ, రేట్లు దాటాక జనవరి మొదటి పది రోజులు. ఏదైనా ఏడాది మూఢం కలిసొస్తే ఇంకో వారం. అంటే ఏడాదికి ఒక ట్రిప్, రోజుకి రెండు చొప్పున ఎనిమిది, పది డైవ్‌లు. ఆరున్నర లక్షల సెటప్‌ని ఏడాదికి పదిసార్లు నీళ్లలో పెట్టడం తప్పని నేననను. మనవాళ్లు కార్లు కొని ఇంటి ముందు పెట్టుకోవడం చూస్తూనే ఉన్నాం. కానీ ఆవిడకి చెప్పాల్సిన జవాబు ఆ అంకె. చెప్పండి. దాచకుండా చెప్పిన అంకె వింటే ఆవిడే వెళ్లమనొచ్చు.

మరి మిగతా పదకొండు నెలలూ సాధన ఎక్కడ? సూర్యలంకలో నీళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, ఇసుక అడుగు, కెరటాలు. నడుము లోతులో మన పాదాలు మనకే కనపడవు. బ్యారేజీ ఎగువన కృష్ణలోనూ అదే కథ, పైగా నదిలో అలా దిగడం ప్రమాదం. విశాఖ రుషికొండ దగ్గర డైవింగ్ ఉంది గానీ అండమాన్ నీళ్ల తేటదనం అక్కడ ఆశించకూడదు. నిఖార్సైన సాధన మీకు దొరికేది స్విమ్మింగ్ పూల్‌లోనే. మీ తమ్ముడి ఆలోచనలో నాకు నచ్చిన భాగం అదే.

నచ్చని భాగం కూడా చెబుతాను. ఆరు షూట్లు, 60 వేలు అని లెక్క వేశారు. అందులో పూల్ అద్దె, నీళ్లకి కరగని మేకప్, నీళ్లలో ఒకరిని కనిపెట్టుకుని ఉండే మనిషి, ఒక షూట్‌కి పోయే రెండు రోజులు కనపడలేదు. అసలు సమస్య డబ్బు కూడా కాదు. వచ్చే జంటల్లో చాలామందికి ఈత రాదు. లెహంగా గానీ పట్టుచీర గానీ తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. ఇంకాసేపు ఊపిరి బిగబట్టడానికి నీళ్లలోకి వెళ్లేముందు గబగబా లోతుగా ఊపిరి తీయడం సినిమాల్లో చూసి చేస్తారు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరి కావాలన్న సంకేతమే రాకుండా నీళ్లలో స్పృహ తప్పొచ్చు. అంతకంటే ముఖ్యం: మీరు సిలిండర్‌తో కింద ఉంటారు, పెళ్లికూతురు ఊపిరి బిగబట్టి ఉంటుంది. జాలిపడి మీరు గాలి పీల్చే రెగ్యులేటర్ ఆమెకి అందించారా, ఆ గాలి పీల్చి ఊపిరి వదలకుండా పైకొస్తే మీటరు, మీటరున్నర లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. ఇది మీ కోర్సులో చెప్పే ఉంటారు. తమ్ముడికి చెప్పి ఉండరు. స్టూడియో లైట్లకి కరెంటు వైరు లాగి పూల్ అంచున నిలబెట్టే ఆలోచన ఉంటే అదీ ఇప్పుడే మానుకోండి. మిట్టమధ్యాహ్నపు ఎండ నిటారుగా పడుతున్నప్పుడు, వెనక నల్లగుడ్డ కట్టి తీస్తే లైట్లు లేకుండానే మంచి ఫోటోలొస్తాయి.

కాబట్టి తమ్ముడితో ఇలా మాట్లాడి చూడండి. కొనకముందే మూడు జంటల దగ్గర అడ్వాన్స్ తీసుకు రమ్మనండి. డబ్బు చేతికిచ్చిన అడ్వాన్స్, ఫోన్‌లో "సూపర్ అన్నా, చేద్దాం" అన్నది కాదు. మూడు వస్తే, పూల్ కోసం 65 వేల పాలీకార్బొనేట్ హౌసింగ్ స్టూడియో ఖాతాలో కొనొచ్చు. అది వ్యాపార ఖర్చు, మీ చిట్టీ డబ్బుతో సంబంధం లేదు. రాకపోతే ఇద్దరికీ విషయం తెలిసిపోయింది, గొడవ లేదు. మీ కోరికకి అతని లాభనష్టాల లెక్క తోడు తెచ్చుకోవడం మాత్రం ఆపండి. ఆరు షూట్లు రాకపోయిన రోజున మీ సరదా వల్లే నష్టం వచ్చిందన్న మాట ఎవరో ఒకరు అంటారు. అన్నదమ్ముల భాగస్వామ్యంలో అలాంటి మాట ఒకసారి బయటికొస్తే ప్రతి లెక్క దగ్గరా మళ్లీ వినిపిస్తుంది.

ఇక పరికరాల సంగతి. మీ ముందున్న దారులు, వాటి వెనకాల వచ్చేవి చెబుతాను.

అల్యూమినియం హౌసింగ్‌తో మొదలుపెడతాను, మీ మనసు దాని మీదే ఉంది కాబట్టి. మంచి వస్తువే. బటన్లు, డయల్స్ చేతికి సరిగ్గా అందుతాయి, లోపలి గాలి లాగేసి లీక్ ఉందో లేదో ముందే చూసుకునే వాక్యూమ్ ఏర్పాటు పెట్టుకోవచ్చు, 100 మీటర్లకి రేటింగ్ ఉంటుంది. కానీ మీ సర్టిఫికెట్ 18 మీటర్లకే. అడ్వాన్స్‌డ్ కోర్సు చేసినా 30. ఆ 100కి డబ్బు పెట్టి మీరు పొందేదేమీ లేదు. ఇంకో సంగతి, హౌసింగ్ ఒకరి కొలతలకి కుట్టిన జాకెట్టు లాంటిది. ఏ7 ఫోర్‌కి చేసింది ఇంకో మోడల్‌కి పట్టదు. పెళ్లిళ్ల రంగంలో మీరు మూడు నాలుగేళ్లకోసారి కెమెరా బాడీ మారుస్తారు. మార్చిన రోజున ఆ 3 లక్షల పెట్టె, దానికోసం అట్టిపెట్టుకున్న పాత కెమెరా, రెండూ అల్మరాలోనే ఉంటాయి. మీరు ఏడాదికి మూడు నాలుగు ట్రిప్పులు వెళ్లగలిగి, వందల డైవ్‌లు చేసి, ఏ ఫోటో కావాలో తెలిసిన స్థితికి వస్తే అప్పుడు ఇదే సరైన కొనుగోలు. ఈ డిసెంబరుకి కాదని నా అభిప్రాయం.

ఏ7 ఫోర్‌ని పాలీకార్బొనేట్ హౌసింగ్‌లో పెట్టడం రెండో దారి. సీఫ్రాగ్స్ లాంటివి సాధారణంగా 40 మీటర్ల దాకా అంటారు, మీకది చాలు. పారదర్శకంగా ఉండేది తీసుకుంటే లోపల చుక్క చేరినా కనిపిస్తుంది. వేడి త్వరగా బయటికి పోదు కాబట్టి లోపల ఆవిరి పట్టడం ఎక్కువ. ఏసీ గదిలో పొడిగాలిలో మూసి, సిలికా జెల్ పొట్లం వేస్తే చాలావరకు తప్పుతుంది. నన్ను ఆపేది ఆ హౌసింగ్ నాణ్యత కాదు, లోపల పెట్టే కెమెరా. నీళ్లు చేరిన కెమెరాని వారంటీలో బాగుచేయరు, హౌసింగ్ కంపెనీ లోపలి కెమెరాకి బాధ్యత తీసుకోదు. జనవరిలో అది పోతే మాఘమాసంలో ఒప్పుకున్న పెళ్లిళ్లకి దేంతో వెళతారు? అద్దె కెమెరాతో వెళ్లొచ్చు, వెళతారు కూడా. కానీ ఆ భయం పెట్టుకుని 12 మీటర్ల లోతులో మీరు చేపని చూడరు, హౌసింగ్ మూలల్లో బుడగలొస్తున్నాయా అని చూస్తుంటారు.

మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం ఒకటుంది. "పాత ఏ7 త్రీ స్పేర్‌గా ఉంది, వీడియోకి కూడా వాడట్లేదు" అన్నారు. నాకైతే ఉత్తరంలో మెరిసింది అదే. 2018లో వచ్చిన ఆ కెమెరా నీళ్లలో ఈనాటికీ బాగా పనిచేస్తుంది. దానికి పాలీకార్బొనేట్ హౌసింగ్‌లు ఉన్నాయి. పాత మోడల్ కాబట్టి సెకండ్ హ్యాండ్‌లోనూ దొరకొచ్చు. మీ 90 మాక్రో దానికీ సరిపోతుంది. పోతే బాధ ఉంటుంది గానీ పెళ్లి ఆగదు. ఈ దారిలో వెళితే కొనకముందు రెండు చూసుకోండి. ఆ హౌసింగ్ కంపెనీ ఇచ్చే లెన్స్-పోర్ట్ చార్ట్‌లో 90 మాక్రోకి పోర్టు ఉందా, ఫోకస్ తిప్పడానికి గేరు ఇస్తున్నారా? స్ట్రోబ్‌కి ట్రిగ్గర్ ఎలా కలపాలి? ఈ రెండూ తేలకుండా డబ్బు కట్టొద్దు. మొత్తం సెటప్, ఒక స్ట్రోబ్‌తో కలిపి, మీ 4 లక్షల్లో సగం లోపలే తేలాలి. మిగిలింది పాప ఫీజుకి ఉంచుకోవచ్చు.

చివరిది చిన్న కెమెరా. గోప్రో వీడియోకి బాగుంటుంది. హౌసింగ్ లేకుండా 10 మీటర్లు, డైవ్ హౌసింగ్‌తో 60 మీటర్లు. కానీ మీరు కోరే గోరంత నత్త దానికి పట్టదు, దగ్గరికి వెళితే ఫోకస్ ఉండదు. టీజీ-7 సంగతి వేరు. ఒలింపస్ కెమెరాల వ్యాపారం ఓఎం సిస్టమ్‌గా మారాక 2023లో వచ్చింది. మామూలుగానే 15 మీటర్ల దాకా దిగుతుంది. పీటీ-059 అనే హౌసింగ్ వేస్తే 45. మైక్రోస్కోప్ మోడ్‌లో సెంటీమీటరు దూరంలో ఫోకస్ చేస్తుంది, రా ఫైళ్లు తీస్తుంది, దాని సొంత ఫ్లాష్‌తో ఫైబర్ కేబుల్ ద్వారా స్ట్రోబ్‌ని వెలిగించొచ్చు. లోపాలూ ఉన్నాయి. సెన్సార్ చిన్నది, 12 మెగాపిక్సెల్. పూర్తి మాన్యువల్ మోడ్ లేదు, మీలాంటివారికి మొదట చిరాకేస్తుంది. పెద్ద ప్రింట్లకి పనికిరాకపోవచ్చు. కానీ ఏడు డైవ్‌ల అనుభవం ఉన్నవాడి చేతికి దీనికంటే తగిన కెమెరా నాకు తోచడం లేదు.

ఏడు డైవ్‌లు అని ఎత్తిచూపడం మిమ్మల్ని చిన్నబుచ్చడానికి కాదు. పెళ్లిలో మీరు ఎంత గట్టి చెయ్యి అయినా, నీళ్లలో నిలబడటం ఇంకా రావాలి. కాలు ఆడించకుండా, పైకి తేలకుండా, కిందికి కుంగకుండా ఒకచోట ఆగడం వస్తేనే చేపకి దగ్గరగా వెళ్లగలరు. అది రాకముందు రెండు చేతుల్లో పెద్ద హౌసింగ్, రెండు స్ట్రోబ్‌లు పట్టుకుంటే గాలి ఎంతుందో గేజ్ చూసుకోవడం మర్చిపోతారు, కాలికి తొడుక్కున్న ఫిన్ తగిలి పగడం విరుగుతుంది. పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. నా సలహా అడిగితే వచ్చే ట్రిప్‌లో మొదటి రెండు డైవ్‌లు కెమెరా లేకుండా, బాయెన్సీ కోసమే ఒక ఇన్‌స్ట్రక్టర్‌తో చేయండి. ఆ డబ్బు ఏ లెన్స్ మీద పెట్టినదానికంటే ఎక్కువ ఫోటోలిస్తుంది.

బావమరిది విషయం. అతను ప్రేమగానే అంటున్నాడు, సందేహం లేదు. అయినా "తర్వాత చూద్దాంలే" అన్నదాన్ని అలాగే వదిలేస్తే మీ ఇంటావిడ ఇరుక్కుంటుంది. తోడబుట్టినవాడి డబ్బుతో మొగుడి సరదా తీరిందన్న మాట పుట్టింట్లో ఎవరైనా అంటే వినాల్సింది ఆవిడే. కాబట్టి ఏది తెప్పించినా డబ్బు ముందే పంపండి, ఆవిడకి చెప్పి మరీ పంపండి. ఫ్రీ అలవెన్స్ దాటిన విలువకి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ డ్యూటీ పడుతుంది, అదీ మీరే భరిస్తానని చెప్పండి. అక్కడ కొన్నదానికి సర్వీసు కావాలంటే మళ్లీ అక్కడికే పంపాల్సి రావొచ్చు. తప్పు పోర్టు వచ్చిందంటే వెనక్కి ఇవ్వడానికి అతను జనవరిలో తిరిగి వెళ్లేదాకా ఆగాలి, ఈలోగా మీ ధనుర్మాసం అయిపోతుంది. ఇది చూసినా పార్టులు ఎక్కువ ఉన్న పెద్ద సెటప్‌ని ఇలా తెప్పించుకోవడం చిక్కే. టీజీ-7, దాని హౌసింగ్ అయితే రెండే డబ్బాలు, సూట్‌కేసులో ఓ మూల పడతాయి.

ఏది కొన్నా సరే, అండమాన్ తీసుకెళ్లే ముందు కెమెరా పెట్టకుండా ఖాళీ హౌసింగ్‌లో టిష్యూ పేపరు వేసి మూసి, పూల్‌లో అరగంట ముంచి చూడండి. లోతు తక్కువ కదా అని నిర్లక్ష్యం వద్దు. లోతుకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడే ఓ-రింగుని, అంటే హౌసింగ్ మూత చుట్టూ ఉండే రబ్బరు వలయాన్ని, గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. ఒత్తిడి లేని పైపై నీళ్లలోనే, ఒక తల వెంట్రుకో ఇసుక రేణువో అడ్డుపడి నీళ్లు చేరడం ఎక్కువ. పూల్ షూట్లకి ఈ జాగ్రత్త సముద్రం కంటే ఎక్కువ అవసరమని తమ్ముడికీ చెప్పండి. ఓ-రింగుకి ఆ కంపెనీ చెప్పిన గ్రీజే వాడాలి, పల్చగా, మెరుపు కనిపించేంత చాలు. డైవ్ అయ్యాక మంచినీళ్లలో నానబెట్టి, బటన్లన్నీ నొక్కుతూ ఉప్పు పోగొట్టాలి. విమానంలో లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి. రోజుల తరబడి డైవ్ చేశాక కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి, తిరుగు టికెట్ దాన్ని బట్టి తీసుకోండి.

ఇప్పటికీ తేలకపోతే డిసెంబరు గడువు మిమ్మల్ని తొందరపెట్టనివ్వకండి. బావమరిది మళ్లీ వస్తాడు. అండమాన్‌లో డైవ్ సెంటర్లు కొన్ని చిన్న కెమెరాలు హౌసింగ్‌తో సహా అద్దెకిస్తాయి. మీరు కోర్సు చేసిన చోటికే ఈ వారం ఫోన్ చేసి, జనవరి మొదటి వారానికి టీజీ లాంటిది దొరుకుతుందా, స్ట్రోబ్ ఉంటుందా, రోజుకి ఎంత, నీళ్లు చేరితే ఎవరు కట్టాలి అని అడగండి. వాళ్ల జవాబు వచ్చాకే బావమరిదికి మోడల్ నంబర్ పంపండి.